మంచురేకుల బెంట్లీ

తొలకరి కొరకు మన రైతులు ఆకాశమువంక చూచుచుండుట అందరము ఎరిగినదే. గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో, మబ్బు ఏ రంగున నున్నదో, చంద్రుని చుట్టు వరదగుడి కట్టినదో లేదో వారు కనిపెట్టుచుందురు. అట్లే శీతలదేశములయందు చలికాలము సమీపించుచుండగా హిమపాతము కొరకు ఆకాశమును కనిపెట్టుకొని యుండువారు కలరు. వారిలో పెక్కుమంది శాస్త్రజ్ఞులు కారు. జీతము గొనువారును కారు. తమ యూరిలో మొదటి మంచు ఎన్నడు పడునో ఊహించుటయు, పడినపిమ్మట పెరటిలో కొలబద్ద నిలిపి ఎన్ని అంగుళములు పేరినదో కొలిచి వ్రాసికొనుటయు వారికి వేడుక. ఇట్టి స్వచ్ఛంద పరిశీలకులలో లోకప్రసిద్ధి గన్నవాడు ఒక పాడిరైతు. అతని పేరు విల్సన్ ఆల్విన్ బెంట్లీ.

మన ప్రాంతమున మంచనగా వేకువజామున పొలములపై కమ్ముకొను పొగవంటి తెర. గడ్డిపరకపై నిలుచు నీటిబొట్టు. బెంట్లీ ఎరిగిన మంచు వేరు. మిక్కిలి చల్లని మేఘములలో నీటియావిరి ద్రవరూపమును పొందకయే గడ్డకట్టి, చిన్నచిన్న స్ఫటికములై పెరిగి నేలకు రాలును. దూరమునుండి చూచువారికి అది దూదిపింజలు రాలినట్లుండును. దగ్గరగా చూడగలిగినచో ఒక్కొక్క స్ఫటికము ఆరు కోణములు గల నగవలె నుండును. అయితే దానిని చూచుటకు లభించు సమయము బహుస్వల్పము. మనిషి ఊపిరి తగిలిన చాలును, అది కరగిపోవును.

బెంట్లీ 1865వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రముల ఈశాన్యభాగమున గల వెర్మాంట్ రాష్ట్రములో జెరికో అను గ్రామమున జన్మించెను. గ్రీన్ పర్వతములకు పడమటి ప్రక్కనున్న ఆ పల్లెలో చలికాలమంతయు కలిపి సుమారు పదియడుగుల మంచు కురియును. తండ్రి పశువులను పెంచి, పాలమ్మి, భూమి దున్ని కుటుంబమును పోషించుచుండెను. తల్లి ఫ్యానీ వివాహమునకు పూర్వము ఉపాధ్యాయినిగా నుండెను. బాలుడు బాల్యమున బడికి పోక తల్లియొద్దనే చదువు నేర్చెను. ఆమె దాచుకొనిన పుస్తకములే అతని పాఠశాల.

అతనికి పదునైదేండ్ల ప్రాయమున తల్లి తనయొద్దనున్న పాత సూక్ష్మదర్శిని నొకదానిని ఇచ్చెను. తోడి బాలురు మంచును ముద్దలు చేసి విసరుకొనుచు ఆడుచుండగా, ఇతడు ఒక మంచురేకును ఆ యంత్రము క్రింద నుంచి చూచెను. చూచినది మరువలేకపోయెను. అంతటి సుందరమైన వస్తువు నిమిషములో నీరైపోవుటయు, మరల ఎవరికిని కనబడకపోవుటయు అతనికి దుస్సహముగా నుండెను. దానిని కాగితముపై గీసి నిలుపవలెనని యత్నించెను. ఒక చేయి గీయుచుండగా, రెండవ చేయి యంత్రమును సవరించుచుండగా, సగము బొమ్మ పూర్తికాకమున్నే రేకు కరగుచుండెను. అట్లు కొన్ని చలికాలములు గడచెను. బొమ్మలు అనేకములు గీసెను గాని ఒక్కటియు అతనికి తృప్తి నీయలేదు.

అంతట సూక్ష్మదర్శినితో జోడింపదగిన కెమెరా గలదని అతడు చదివెను. ఆ పరికరముల వెల సుమారు 100 డాలర్లు. ఆ కాలమున అది పేద రైతు ఇంటికి మోయరాని భారము. మంచును చిత్రించుట వెఱ్ఱిపని యని తండ్రి తలంచెను. తల్లి మాత్రము కుమారుని పక్షము వహించెను. తుదకు తండ్రి అయిష్టముగనే ఆ ధనము వెచ్చించెను. కెమెరా వచ్చిన తోడనే కార్యము సిద్ధింపలేదు. పలకలపై రేకుల రూపములు మసకగా నీడలవలె పడుచుండెను. వెలుతురు ప్రవేశించు రంధ్రమును మిక్కిలి చిన్నది చేసినగాని అంచులు స్పష్టముగా రావని అతడు పలుమారులు విఫలుడైన పిమ్మట తెలిసికొనెను. 1885వ సంవత్సరము జనవరి 15వ తేదీన తొలిసారి ఒక మంచుస్ఫటికపు ఛాయాచిత్రము చక్కగా వచ్చెను. అప్పటికి అతనికి ఇరువది యేండ్లైనను నిండలేదు.

అతని పనితీరు వినదగినది. మంచు కురియు వేళ నల్లరంగు పూసిన పలకను చేతబట్టి వాకిట నిలిచి రాలు రేకులను పట్టును. వెంటనే వేడి తగులని కొట్టములోనికి పోయి, వానిలో చక్కనిదానిని సన్నని పుల్లతో ఎత్తి గాజుపలకపై నుంచి, పక్షియీకతో మెల్లగా అదిమి సరిచేయును. ఊపిరి బిగబట్టి గాజుపలకను కెమెరాయెదుట నిలుపును. కిటికీనుండి వచ్చు వెలుగే దీపము. ఒక్కొక్క చిత్రమునకు కొన్ని సెకండ్లు మొదలు ఒక నిమిషమునకు పైబడి గూడ పలకను తెరచి యుంచవలసి వచ్చెడిది. చేతులు కొంకర్లు పోవుచున్నను నిప్పు రాజేసికొనుటకు వీలులేదు. నిప్పు తనకు హితమేగాని రేకునకు మృత్యువు.

మంచు పడిన ప్రతిదినమును అతనికి పనికివచ్చునది కాదు. గాలి హెచ్చైనచో రేకులు ఒకదానితో నొకటి ఢీకొని విరుగును. చలి చాలనిచో ఒకదాని కొకటి అంటుకొని ముద్దయగును. కొన్ని చలికాలములలో మంచి రేకులు లభించు దినములు వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. కాబట్టి ముందుగా కనిపెట్టుట అతనికి అవసరమాయెను. ఉష్ణమాపకమును, గాలి దిక్కును, మేఘముల తీరును ప్రతిదినము చూచి పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఆ దేశమున తూర్పుగాలితో మొదలైన తుపాను కదలిపోవునప్పుడు గాలి పడమరకును వాయవ్యమునకును తిరుగును. తుపాను యొక్క పడమటి భాగముననే సర్వాంగసుందరమైన రేకులు ఎక్కువగా రాలునని అతడు సంవత్సరముల తరబడి వ్రాసిన లెక్కలనుండి గ్రహించెను. ఏ రూపపు రేకు ఎంత చలిలో, ఏ మేఘమునుండి పడినదో పోల్చిచూచెను. మంచురేకు రూపమును బట్టి అది పుట్టిన మేఘము యొక్క స్థితిని తెలియవచ్చునని అతని విశ్వాసము.

వేసవిలోను అతడు ఊరకుండలేదు. 1898వ సంవత్సరము మొదలు వానచినుకుల పరిమాణమును కొలుచుటకు పూనుకొనెను. లోతు తక్కువ గల పళ్ళెములో ఒక అంగుళము మందమున పిండి పరచి కొన్ని సెకండ్లు వానలో ఉంచును. ఒక్కొక్క చినుకు పిండిలో ఒక చిన్న యుండను కట్టును. ఆ యుండలు ఎండిన పిదప వానిని కొలుచును. ముందుగా తెలిసిన పరిమాణము గల బొట్లను పిండిపై రాల్చి, ఉండకును చినుకునకును గల సంబంధమును సరిచూచుకొనెను. ఇట్లు దాదాపు 70 వానలలో పరీక్షించి, మిక్కిలి పెద్ద చినుకు సుమారు పావు అంగుళము మించదని తెలిసికొనెను. వానలో కొంత భాగము పైన మంచుగా పుట్టి దారిలో కరగినదే యని అతడు భావించెను. ఆ భావన యందు సత్యము గలదని తరువాతి శాస్త్రము నిరూపించినది. ఇన్ని పరిశోధనలకు అతనికి కావలసినది పళ్ళెడు పిండియు, ఓర్పును మాత్రమే!

ఇరుగుపొరుగువారికి ఇదంతయు వింతగా నుండెను. పాలు పితుకవలసినవాడు పిండిలో చినుకులు లెక్కించుటయేమి? తలుపు తీసికొని బయటికి చూచినచో కావలసినంత మంచు కనబడుచుండగా దాని బొమ్మలు ఎవరికి కావలెను? వారు నవ్వుకొనుచుండిరి. అతడు వివాహము చేసికొనలేదు. పొలము పనిలో అన్నకు తోడుగా నుండుచు, వృద్ధురాలైన తల్లికి తానే శుశ్రూష చేసెను. ఆమె 1906వ సంవత్సరమున మరణించెను. మంచురేకు అందము తెలిసిన మొదటి మనిషి ఇక లేకపోయినను అతడు తన పనిని విడువలేదు.

పల్లెలో నవ్వుకొనినను వెలుపల అతని కృషిని గుర్తించినవారు కలరు. వెర్మాంట్ విశ్వవిద్యాలయములోని జార్జి పెర్కిన్స్ అను ఆచార్యుడు అతనిని ప్రోత్సహింపగా, 1898వ సంవత్సరమున ఇరువురి పేరుతో మంచుస్ఫటికములను గూర్చిన వ్యాసము వెలువడెను. పిదప వాతావరణ శాఖవారి మాసపత్రికలో 1902లో మంచును గూర్చియు, 1904లో వానచినుకులను గూర్చియు అతని వ్యాసములు ప్రకటింపబడెను. 1903లో వాషింగ్టన్ నగరమందలి స్మిత్సోనియన్ సంస్థకు 500 చిత్రములను అతడు పంపెను. పాఠశాలలు, కళాశాలలు అడిగినచో ఒక్కొక్క గాజుచిత్రమును ఐదు సెంట్లకు ఇచ్చుచుండెను. అది పెట్టుబడికైనను చాలదు. 1924లో అమెరికా వాతావరణ శాస్త్రసంఘమువారు తమ మొట్టమొదటి పరిశోధన పారితోషికమును అతనికే ఇచ్చిరి. అది 25 డాలర్లు. నలువది యేండ్ల శ్రమకు అది ఎంత స్వల్పమో చెప్పనక్కరలేదు. ధనముకొరకే అయినచో అతడు ఎన్నడో ఆ పని మానియుండును.

అతనిని విమర్శించినవారును కలరు. చిత్రములోని రేకు తెల్లగా ప్రకాశించుటకై అతడు నకలు పలకపై రేకుచుట్టునున్న భాగమును చాకుకొనతో గీకి నేపథ్యమును నలుపు చేయుచుండెను. ఇట్లు చేయుటలో అంచుల ఆకారము మారవచ్చునని జర్మనీ దేశపు పండితుడొకడు ఆక్షేపించెను. నిజముగా రాలు మంచులో వంకరటింకర రేకులే అధికమనియు, బెంట్లీ అందమైనవానినే ఏరుకొనెననియు తరువాతివారు చెప్పిరి. ఈ మాటలలో కొంత న్యాయము లేకపోలేదు. అయినను మూల పలకలను అతడు భద్రముగా నిలిపియుండుటవలననే ఇతరులు ఆ సంగతిని పరీక్షింపగలిగిరి.

1928వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో వచ్చిన ఒక పెనుమంచు అతని జీవితమున మిక్కిలి ఫలవంతమైనది. అప్పటికి అరువది మూడేండ్ల వృద్ధుడైనను చలిలో నిలిచి ఎన్నో క్రొత్త రేకులను చిత్రించెను. జీవితమంతటిలో అతడు తీసిన చిత్రములు 5,000కు పైబడినవి. వానిలో ఏ రెండును ఒక్కరీతిగా నున్నట్లు అతనికి కానరాలేదు. 1931వ సంవత్సరము నవంబరు మాసమున, వాతావరణ శాఖలోని హంఫ్రీస్ అను శాస్త్రజ్ఞుని సాయమున, 2,400కు పైబడిన చిత్రములతో మంచుస్ఫటికములు అను గ్రంథము ప్రకటితమాయెను. అది అతని యావజ్జీవ శ్రమకు ఫలము.

ఆ పుస్తకము చేతికందిన సంతోషము ఎక్కువ దినములు నిలువలేదు. డిసెంబరులో నొకనాడు మంచుగాలిలో కొన్ని మైళ్ళు నడచి ఇల్లు చేరిన బెంట్లీకి జ్వరము తగిలి ఊపిరితిత్తుల వాపుగా పరిణమించెను. మంచము పట్టుటకు ముందు అతడు తన దినచర్య పుస్తకమున వ్రాసిన తుదిమాటలు గూడ ఉత్తరపు చలిగాలిని, ఎగురుచున్న మంచును గూర్చినవే. డిసెంబరు 23వ తేదీన, తాను పుట్టిన పొలములోని ఇంటనే అతడు కన్నుమూసెను. ఒకనాడు నవ్వుకొనిన గ్రామమే నేడు అతని చిత్రములను ప్రదర్శనశాలలో నుంచి చూపుచున్నది.

బెంట్లీ గ్రంథము జపాను దేశమున ఉకిచిరో నకాయా అను శాస్త్రజ్ఞుని చేతికి చేరెను. దానిచే ప్రేరితుడై ఆయన 1936వ సంవత్సరమున తన ప్రయోగశాలలో కుందేటివెండ్రుక కొనపై కృత్రిమముగా మంచుస్ఫటికమును పెంచెను. స్ఫటికము యొక్క రూపము గాలిలోని చలిపైనను, తేమపైనను ఆధారపడునని ఆయన రుజువుచేసెను. రేకును చూచి మేఘము స్థితిని తెలియవచ్చునన్న పల్లెటూరి రైతు విశ్వాసము ఇట్లు శాస్త్రసత్యమై నిలిచినది.

జెరికోలో ప్రతి చలికాలమున కోటానుకోట్ల రేకులు రాలుచునే యుండెను; కరగుచునే యుండెను. అందరి కన్నులయెదుటను పడిన మంచే అది. పెద్ద చదువులు లేని ఒక రైతు దానిని నిలిచి చూచెను. చూచినదానిని నాడే వ్రాసికొనెను. నలువది యేడు చలికాలములు ఆ నియమమును తప్పలేదు. మన వాకిట పడు వానచినుకును, మన పొలముపై వీచు గాలిని గూడ అట్లు చూచి వ్రాసికొనుటకు ఒక పుస్తకము, ఒక కలము చాలును.