పావులూరి మల్లన: చదరంగం గళ్లలో 20 అంకెల సంఖ్య.. ఒక్క అంకె తప్పకుండా పద్యంలో చెప్పిన తెలుగు కవి!

క్యాలిక్యులేటర్ లేదు.. కాగితం కూడా లేదు. అయినా 20 అంకెల సంఖ్యను పొల్లుపోకుండా ఒక్క తెలుగు పద్యంలో ఇమిడ్చాడు పావులూరి మల్లన. ఆ సంఖ్య కథేంటో చూద్దాం.

ఎవరీ మల్లన?

రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెనిగించిన 11వ శతాబ్దమే మల్లనదీ అని చరిత్రకారులు ఎక్కువగా చెబుతారు. పీఠాపురం దగ్గరి నవఖండవాడ ఆ కుటుంబానికి రాజు ఇచ్చిన ఊరు. మిగతా కవులు పురాణాలు పట్టుకుంటే మల్లన లెక్కలు పట్టుకున్నాడు. 9వ శతాబ్దపు జైన పండితుడు మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథం గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైన సంప్రదాయ ఉదాహరణలున్న చోట శైవ ఉదాహరణలు పెట్టి, దాన్ని మనవాళ్ల పుస్తకంగా మార్చేశాడు.

ఇంతకీ లెక్కేంటి?

చదరంగంలో 64 గళ్లు. మొదటి గడిలో 1, తర్వాత 2, ఆ తర్వాత 4.. ఇలా రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం ఎంత? జవాబు 18446744073709551615. అంటే సుమారు లక్షా 84 వేల కోట్ల కోట్లు! బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే దాదాపు 37 వేల కోట్ల టన్నులు. ఇప్పటి ప్రపంచం మొత్తానికి 700 ఏళ్ల పంట అన్నమాట.

అంకెలకు మాటలు

మల్లన అంకెలు రాయలేదు, మాటలు వాడాడు. బాణాలంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0, కొండలంటే 7, ఏనుగులంటే 8. కుడి నుంచి ఎడమకు చదువుకోవాలి. ఒక్కో అంకెకు బోలెడు మాటలుంటాయి కాబట్టి ఛందస్సుకు సరిపోయేది ఎంచుకోవచ్చు. తాటాకు మీద అంకె తప్పు రాస్తే ఎవరికీ తెలియదు. పద్యంలో మాట మారితే మాత్రం నడక తడబడి చాలాసార్లు దొరికిపోతుంది.

సంఖ్య లోపల ఏముంది?

చివర 5 ఉంది కాబట్టి 5తో భాగం పోతుంది. అంకెలన్నీ కూడితే 87, అందుకే 3తోనూ పోతుంది. పూర్తిగా విడదీస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417.. ఈ ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం. ఇందులో 641 గుట్టు 1732లో ఆయిలర్ బయటపెట్టాడు. నేటి కంప్యూటర్లు 64 బిట్లలో, మైనస్ గుర్తుకు చోటివ్వకుండా దాచగలిగే అతి పెద్ద పూర్ణసంఖ్య కూడా ఇదే.

మల్లన పుట్టిన తేదీ, పోయిన తేదీ మనకు మిగల్లేదు. ఆయన పద్యంలో దాచిన 20 అంకెలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇవాళ ఫోన్‌లో లెక్కేసి చూసినా అవే వస్తాయి.