ఈమ్ గ్రామ గురువు విలియం మోంపెసన్

ఇంగ్లండు దేశమున డార్బీషైరు కొండల నడుమ ఈమ్ అను గ్రామము కలదు. రాతి యిండ్లు, గొఱ్ఱెలు మేయు పచ్చికబయళ్లు, పూర్వము సీసము త్రవ్విన గనులు, దేవాలయ ఆవరణములో వెయ్యేండ్లకు పైబడిన రాతి సిలువ. ఆ సిలువను చూడ వచ్చినవారు అచ్చటనే యున్న కేథరిన్ దొరసాని సమాధి యొద్దను నిలుచుందురు. ఆమె భర్తయైన విలియం మోంపెసన్ గారి చరిత్రనే మేమిచ్చట వ్రాయబూనితిమి.

కేంబ్రిడ్జిలో చదివిన మోంపెసన్ గారు 1664లో ఈమ్‌కు గురువుగా వచ్చిరి. వయస్సు ముప్పదికి లోపే. పాత గురువు థామస్ స్టాన్లీ గారు ప్రార్థనా క్రమమును గూర్చిన 1662 నాటి చట్టమునకు లోబడనందున సేవనుండి తొలగింపబడినను, అనేకుల హృదయములు ఆయన పక్షముననే యుండెను. ఒక ఊరిలో ఇద్దరు గురువులున్న ఏమగునో మన సంఘ పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు.

1665లో లండను నుండి ఒక దర్జీ యింటికి గుడ్డల మూట వచ్చెను. చెమ్మగిలిన ఆ గుడ్డలను నిప్పు చెంత ఆరబెట్టిన జార్జి వికర్స్ అను పనివాడు కొద్ది దినములకే మరణించి, సెప్టెంబరు 7న సమాధి చేయబడెను. గుడ్డలతో ప్లేగు వచ్చినదని ఊరివారికి తరువాత గాని తెలియలేదు. చలికాలమున కొంత తగ్గిన తెగులు 1666 వేసవిలో విజృంభించెను. జనులు పారిపోవ తలంచిరి.

అప్పుడు మోంపెసన్ గారు స్టాన్లీ గారిని కలిసికొనిరి. ఇద్దరును ఏకమై సంఘమునెదుట మూడు సంగతులుంచిరి: ఎవరి మృతులను వారు తమ తోటలలోనే పాతిపెట్టవలెను, ఆరాధన కక్లెట్ డెల్ఫ్ అను లోయలో, ఆరుబయట, కుటుంబములు ఎడముగా నిలిచి జరుపవలెను, ఊరి పొలిమేర నెవరును దాటరాదు. స్టాన్లీ గారి మాట తోడుకాకున్న ఊరివారు ఒప్పుకొనెడివారు కారని మా అభిప్రాయము. ఆయన పేరు మరుగుపడుట న్యాయము కాదు.

మోంపెసన్ గారు తమ ఇద్దరు బిడ్డలను అంతకుమునుపే యార్క్‌షైరుకు పంపివేసిరి. తన బిడ్డలను దాటించి, ఊరివారిని నిలువుమనుట తగునా అని అడుగువారు కలరు. అడుగదగిన ప్రశ్నయే. అయితే భార్యను కూడ వెళ్లుమని ఆయన బతిమాలగా ఆమె కదలలేదు. రోగులను పరామర్శించుచు భర్తతోనే నిలిచెను.

చాట్స్‌వర్త్ నందలి డెవన్‌షైరు ప్రభువు ఆహారము పంపించెను. పొరుగువారు సరుకులు పొలిమేర రాతియొద్దను, నేటికిని మోంపెసన్ పేరు గల ఊటబావి యొద్దను ఉంచి వెళ్లుచుండిరి. రాతి గుంటలలో పుల్లని వెనిగరు పోసి, దానిలో నాణెములు వేసి వెల చెల్లించిరి.

ఆగస్టు మిక్కిలి ఘోరముగా గడచెను. ఎలిజబెత్ హాంకాక్ అను తల్లి ఎనిమిది దినములలో భర్తను, ఆరుగురు బిడ్డలను తానే మోసికొనిపోయి పొలములో పాతిపెట్టెను. ఆ సమాధులు ఇప్పటికిని కలవు. ఆ నెల 25న కేథరిన్ దొరసాని ప్రభువునందు నిద్రించెను. తానే చేసిన నియమమును విడిచి, గురువు గారు ఆమెను దేవాలయ ఆవరణములో ఉంచిరి. ఇందుకు ఆయనను తప్పుపట్టుటకు మాకు మనసొప్పదు.

నవంబరు 1వ తేదీతో మరణములు ఆగెను. పదునాలుగు నెలలలో సుమారు 260 మంది గతించిరి. జనసంఖ్య 350 అని పాత గ్రంథములు చెప్పగా, అంతకు రెట్టింపుండవచ్చునని ఇటీవలి పరిశోధకులందురు. పొలిమేర మూయకుండిన ఈమ్‌లో మరికొందరు బ్రతికియుందురేమో అను వాదమును కలదు. పొరుగు ఊళ్లు మాత్రము దక్కినవని అచ్చటి ప్రజల నమ్మకము.

స్టాన్లీ గారు 1670లో మరణించిరి. 1669లో నాటింగ్‌హాంషైరు నందలి ఈక్రింగ్‌కు మారిన మోంపెసన్ గారిని అచ్చటివారు తెగులు భయముచే ఊరిలోనికి రానీయలేదు. కొంతకాలము ఆయన రఫర్డ్ వనములో ఒక గుడిసెలో నివసించి, చెట్టు క్రింద ప్రసంగించిరి. తరువాత లింకన్ మహాదేవాలయపు పెద్ద పదవి రాగా వలదనిరి. ఆ ఈక్రింగ్‌లోనే నలువదేండ్లు సేవచేసి, 1709లో అచ్చటనే కన్నుమూసిరి.