అలల పక్కనే సింగిల్ ట్రాక్.. బ్రూనెల్ లెక్క ఎక్కడ తప్పింది?

ఇంగ్లాండ్‌లోని డాలిష్ దగ్గర రైలు అలల మీదే వెళ్తున్నట్టు కనిపించే వీడియోలు చూసే ఉంటారు. ఆ లైన్ వేసింది ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రూనెల్. కానీ ఆయన వేసింది ఒక్కటే ట్రాక్. అది పూర్తిగా డబుల్ అవ్వడానికి 59 ఏళ్లు పట్టింది.

1806లో పోర్ట్స్‌మత్‌లో పుట్టిన బ్రూనెల్‌కి తండ్రే గురువు. లండన్‌లో థేమ్స్ నది కింద తండ్రి తవ్విస్తున్న సొరంగంలోకి 1828లో నీళ్లు దూసుకొచ్చాయి. బ్రూనెల్ తీవ్ర గాయాలతో బయటపడ్డారు. ఐదేళ్లు తిరిగేసరికి గ్రేట్ వెస్ట్రన్ రైల్వేకి ఇంజినీర్ అయ్యారు. అప్పటికి 27 ఏళ్లు కూడా నిండలేదు!

1846లో ఎక్సెటర్ నుంచి టిన్‌మత్ వరకు తీరం వెంట లైన్ మొదలైంది. ఇక్కడే బ్రూనెల్ పెద్ద సాహసం చేశారు. బొగ్గు ఇంజిన్ లేకుండా రైలు నడపాలనుకున్నారు. పట్టాల మధ్య ఇనుప పైపు వేసి, దారి పొడవునా పంప్‌హౌస్‌లు కట్టించి, పైపులో గాలిని లాగేస్తే.. పెట్టె కింద ఉన్న పిస్టన్ ముందుకు దూసుకెళ్తుంది, దాంతోపాటే రైలూ. ఈ పద్ధతిలో రెండు రైళ్లు ఎదురెదురుగా రావడం కుదరదు కాబట్టి సింగిల్ లైన్ చాలన్నది ఆయన లెక్క.

1847 సెప్టెంబర్‌లో ప్రయాణికులతో రైళ్లు మొదలయ్యాయి. స్పీడ్ అదిరింది, పొగ లేదు. అసలు సమస్య తోలుతో వచ్చింది. పైపు పైన ఉన్న సందును మూసే తోలు పట్టీ ఎండకు ఎండిపోయి, చలికి బిగుసుకుపోయి గాలిని ఆపలేకపోయింది. ఎలుకలు కొరికేశాయన్న కథ కూడా ప్రచారంలో ఉంది కానీ, తోలు పాడవ్వడానికి వాటి అవసరమే లేదు. సరిగ్గా ఏడాదికే, 1848 సెప్టెంబర్‌లో అన్నీ ఆపేసి మామూలు ఆవిరి ఇంజిన్లు తెచ్చారు. వాటాదారులకు లక్షల పౌండ్ల నష్టం. మిగిలింది సముద్రం పక్కన ఇరుకైన సింగిల్ ట్రాక్.

1859లో సాల్టాష్ బ్రిడ్జి పూర్తయ్యేసరికి బ్రూనెల్ మంచం పట్టారు. ఓపెన్ వ్యాగన్‌లో పడుకోబెట్టి, తాను కట్టిన బ్రిడ్జి మీదుగా తీసుకెళ్లారు. ఆ సెప్టెంబర్ 15న 53 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

రెండో ట్రాక్ పని తర్వాతి తరం మీద పడింది. ముందు 1892లో ఆయన పెట్టిన వెడల్పు గేజ్‌ని తీసేశారు. డాలిష్, టిన్‌మత్ మధ్య సొరంగాలను రెండు ట్రాకులకు సరిపడా వెడల్పు చేయాల్సి వచ్చింది. ఒకవైపు కొండ, మరోవైపు సముద్రం కావడంతో జరగడానికి చోటే లేదు. చివరి ముక్క 1905లో పూర్తయింది.

2014 ఫిబ్రవరి తుఫానులో డాలిష్ దగ్గర గోడ కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. రెండు నెలలు రైళ్లు ఆగిపోయాయి. తర్వాత మరింత ఎత్తైన గోడ కట్టి, రెండు ట్రాకులనూ అక్కడే ఉంచారు. సాల్టాష్ బ్రిడ్జి మీద మాత్రం ఇప్పటికీ సింగిల్ ట్రాకే.