విజ్ఞాన తపస్విని రోజలిండ్ ఫ్రాంక్లిన్

ఒక జన్యువు నుండి ఒకే ప్రోటీను పుడుతుందని శాస్త్రజ్ఞులు ఒకప్పుడు భావించేవారు. క్షీరదాల కణాలలో ఆ నియమం చెల్లదని 1977 తరువాత తేలింది. కణం తన ఆర్.ఎన్.ఏ. ప్రతిలోని కొన్ని భాగాలను తొలగించి, తక్కినవాటిని అవసరాన్ని బట్టి వేర్వేరు విధాలుగా అతుకుతుంది. ఏ భాగం నిలవాలో, ఏది పోవాలో నిర్ణయించడంలో ఆర్.ఎన్.ఏ.ను అంటిపెట్టుకొనే ప్రోటీనులదే ప్రధాన పాత్ర. ఈ రెండింటి పొందికను తొలినాళ్ళలోనే లోకానికి చూపిన విదుషీమణిని ఈ సందర్భంలో స్మరించుకొందాం.

రోజలిండ్ ఫ్రాంక్లిన్ 1920 జూలై 25న లండనులో, అక్కడ అల్పసంఖ్యాకులైన యూదుల కుటుంబంలో జన్మించారు. 1941లో కేంబ్రిడ్జిలో చదువు ముగించారు. అప్పట్లో ఆ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తి పట్టా ఇచ్చేది కాదు. 1948లో గాని ఆ హక్కు లభించలేదు. ఆమె నిరుత్సాహపడక బొగ్గు నిర్మాణంపై పరిశోధించి 1945లో డాక్టరేటు పొందారు. పిమ్మట పారిస్ నగరంలో ఎక్స్‌కిరణాల విద్యలో ఆరితేరారు.

1951లో లండను కింగ్స్ కళాశాలలో చేరి డి.ఎన్.ఏ.పై కృషి చేశారు. 1952 మే నెలలో శిష్యుడు గాస్లింగుతో కలిసి సాధించిన ఛాయాచిత్రం జగద్విఖ్యాతమైంది. 1953 జనవరిలో ఆమెకు తెలియకుండానే ఆ చిత్రం వాట్సన్ కంటబడింది. వాట్సన్, క్రిక్‌ల జంట సర్పిల నమూనాకు అది గొప్ప ఆధారమైంది. 1962లో వారిద్దరికీ, విల్కిన్స్‌కూ నోబెల్ బహుమతి లభించే నాటికి ఆమె ఈ లోకంలో లేరు.

1953లోనే ఆమె బర్క్‌బెక్ కళాశాలకు మారి, పొగాకు ఆకులకు తెగులు తెచ్చే వైరస్‌ను పరిశీలించారు. అందులోని ఆర్.ఎన్.ఏ. నడిమి బోలు గొట్టంలో లేదనీ, చుట్టూ పేర్చినట్లున్న ప్రోటీనుల నడుమ ఇమిడి ఉందనీ 1956 నాటికి నిరూపించారు. ఆ సంవత్సరమే అండాశయ క్యాన్సర్ బయటపడింది. శస్త్రచికిత్సలు జరుగుతున్నా ప్రయోగశాలను వీడక, పోలియో వైరస్ పరిశోధనకు సైతం పూనుకొన్నారు. 1958 ఏప్రిల్ 16న, 37 ఏళ్ళ ప్రాయంలో కన్నుమూశారు. ఆమె సహచరుడు ఆరన్ క్లూగ్ ఆ మార్గంలోనే సాగి 1982లో నోబెల్ బహుమతి అందుకొన్నారు.

పరుల శ్రమను వాడుకొన్నప్పుడు వారి పేరు చెప్పడం విజ్ఞాన ధర్మం. ఆ ధర్మం ఆమె పట్ల సకాలంలో నెరవేరలేదు. అయినా కీర్తి కోసం ఆగక, ఆమె మరుసటి పనికి ఉపక్రమించారు. రేపు ప్రయోగశాలలలో అడుగిడబోయే మన విద్యార్థినీ విద్యార్థులు ఈ రెండు పాఠాలనూ హృదయస్థం చేసికొందురు గాక!