అలోయిస్ ఆల్జైమర్

అలోయిస్ ఆల్జైమర్ (జూన్ 14, 1864 - డిసెంబర్ 19, 1915) జర్మనీకి చెందిన మనోరోగ వైద్యుడు, నాడీ రోగ శాస్త్రవేత్త. మతిమరుపుతో మొదలై క్రమంగా బుద్ధిశక్తిని హరించే ఆల్జైమర్ వ్యాధికి ఈయన పేరే పెట్టారు. మెదడు రక్తనాళాలు గట్టిపడటం వలన కలిగే వ్యాధులపై కూడా ఈయన ముఖ్యమైన పరిశోధనలు చేశాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఆల్జైమర్ బవేరియాలోని మార్క్ట్‌బ్రైట్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. తండ్రి నోటరీ. ఆల్జైమర్ బెర్లిన్, ట్యూబింగెన్, వుర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయాలలో వైద్యశాస్త్రం అభ్యసించి, చెవిలో గులిమిని స్రవించే గ్రంథులపై వ్రాసిన సిద్ధాంత వ్యాసానికి 1887లో వుర్జ్‌బర్గ్‌లో వైద్య పట్టా పొందాడు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో పరిశోధనలు

1888లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని మానసిక చికిత్సాలయంలో వైద్యుడిగా చేరాడు. మరుసటి సంవత్సరం అక్కడికి వచ్చిన ఫ్రాంజ్ నిస్ల్ ఈయనకు ఆప్తమిత్రుడయ్యాడు. నాడీకణాలకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూసే పద్ధతిని రూపొందించినవాడు నిస్ల్. పగలు రోగులను పరీక్షించి, మరణించిన వారి మెదళ్ళను తరువాత పరిశీలించటం వీరి పద్ధతి.

ధమనులు గట్టిపడి రక్తం తగినంత అందక మెదడు కృశించే స్థితిని ఆల్జైమర్ 1894లో వర్ణించాడు. అదే సంవత్సరం ఓటో బిన్స్‌వాంగర్ కూడా ఇటువంటి వ్యాధిని గూర్చి వ్రాయగా, 1902లో ఆల్జైమరే దానికి బిన్స్‌వాంగర్ పేరు పెట్టాడు. 1901లో ఆల్జైమర్ భార్య సిసిలీ ముగ్గురు పిల్లలను విడిచి మరణించింది.

ఆగస్టె డెటర్

అదే సంవత్సరం నవంబరులో ఆగస్టె డెటర్ అనే 51 ఏళ్ళ స్త్రీని చికిత్సాలయంలో చేర్చారు. ఆమెకు జ్ఞాపకశక్తి నశించింది, భర్తపై అకారణ అనుమానాలు కలిగాయి, తన పేరు వ్రాయటం కూడా కష్టమైంది. 1903లో ఎమిల్ క్రేపెలిన్‌తో పనిచేయటానికి హైడల్‌బర్గ్‌కు, తరువాత మ్యూనిక్‌కు వెళ్ళినా ఆల్జైమర్ ఆమె విషయం మరువలేదు. 1906 ఏప్రిల్‌లో ఆమె మరణించగా మెదడును తెప్పించుకొని పరిశీలించాడు. మెదడు బాగా కృశించి ఉంది. నాడీకణాలలో చిక్కుపడిన పోగులు, కణాల వెలుపల గట్టి మచ్చలు కనిపించాయి. పెద్ద రక్తనాళాలు కొంత గట్టిపడినట్లు కూడా ఆయన నమోదు చేశాడు.

1906 నవంబరులో ట్యూబింగెన్‌లో జరిగిన సభలో ఈ వివరాలు తెలిపినపుడు ఎవరూ చర్చించలేదు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో దీనికి ఆల్జైమర్ వ్యాధి అని నామకరణం చేశాడు.

చివరి దశ

1912లో బ్రెస్లౌ (నేటి పోలాండులోని వ్రోత్స్వాఫ్) విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా నియమితుడయ్యాడు. ఆ ప్రయాణంలోనే అనారోగ్యం పాలై పూర్తిగా కోలుకోలేదు. 1915లో 51వ ఏట గుండె జబ్బుతో బ్రెస్లౌలో మరణించాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య సమాధి ప్రక్కనే ఆయనను ఖననం చేశారు.

రక్త ప్రసరణతో సంబంధం

ఆల్జైమర్ తరువాత చాలాకాలం నడివయస్సులో వచ్చేదే ఆయన పేరిటి వ్యాధి అనీ, వృద్ధుల మతిభ్రంశానికి ధమనులు గట్టిపడటమే కారణమనీ భావించేవారు. 1960లలో ఇంగ్లండులోని న్యూకాజిల్ వైద్యులు వృద్ధుల మెదళ్ళను పరిశీలించి, అనేకులలో ఆల్జైమర్ చూసిన మచ్చలే ఉన్నాయని తెలిపారు. దానితో రక్తనాళాల పాత్ర వెనుకబడింది.

అయితే శరీర బరువులో సుమారు 2 శాతమే ఉన్న మెదడు, శరీరం వాడే ప్రాణవాయువులో సుమారు 20 శాతం వినియోగిస్తుంది. కనుక రక్త ప్రసరణ కొద్దిగా తగ్గినా హాని కలుగుతుంది. ఈ వ్యాధిగ్రస్తులలో తొలి దశ నుండే మెదడుకు రక్త ప్రసరణ తగ్గుతుందని చిత్రణ పరీక్షలు చూపాయి. 2019లో వెలువడిన రెండు పరిశోధనలు దీనికి కారణాలు సూచించాయి: ఎలుకలలో తెల్ల రక్తకణాలు సూక్ష్మ రక్తనాళాలలో ఇరుక్కుని ప్రవాహాన్ని ఆపటం ఒకటి, బీటా ఆమైలాయిడ్ ప్రభావంతో ఆ నాళాలు కుంచించుకుపోవటం రెండవది. ప్రసరణ తగ్గటం వ్యాధికి ఎంతవరకు కారణమో, ఎంతవరకు ఫలితమో ఇంకా తేలలేదు. ఆల్జైమర్ విడివిడిగా అధ్యయనం చేసిన రెండు మార్పులూ ఒకే రోగిలో కలిసి ఉండటం మాత్రం సాధారణమని నేడు తెలిసింది.