ఊపిరినే చూడమన్న హైదరాబాద్ డాక్టర్

ఆపరేషన్‌కు ముందు ఫిట్‌నెస్ రాయించుకోవడానికి మా ఓపీకి వచ్చేవాళ్లలో చాలామందికి కత్తి కంటే మత్తంటేనే ఎక్కువ భయం. మత్తిస్తే గుండె ఆగిపోదు కదా అని ఒకరు అడుగుతారు. ఊపిరి అందకపోతే ఎవరు చూస్తారండీ అని వాళ్లావిడ అందుకుంటుంది. గుండె ముందా, ఊపిరి ముందా అన్న ఈ ప్రశ్న మీదే ఒకప్పుడు ప్రపంచ వైద్యులు రెండు వర్గాలుగా చీలి పోట్లాడుకున్నారు. ఆ పోట్లాటకు పెద్ద వేదిక మన హైదరాబాద్. దాన్ని నడిపించిన మనిషి ఎడ్వర్డ్ లారీ. ఆ పేరు వినగానే మనకు సరుకులు మోసే బండి గుర్తొస్తుంది గానీ, ఆ రోజుల్లో మత్తు వైద్యం గురించి మాట్లాడే ఏ దేశపు డాక్టరుకైనా ఆయన పేరు తెలుసు.

కథ 1847లో మొదలవుతుంది. ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ అనే ప్రసూతి వైద్యుడు క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే చాలు, రోగి నిద్రలోకి జారుకునేవాడు. మూడు నెలలు తిరక్కుండానే ఇంగ్లండ్‌లో హన్నా గ్రీనర్ అనే 15 ఏళ్ల అమ్మాయి కాలి గోరు తీయించుకోవడానికి వెళ్లి, క్లోరోఫాం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే చనిపోయింది. అది 1848 జనవరి. ఆ తర్వాత అలాంటి మరణాలు అక్కడక్కడా జరుగుతూనే వచ్చాయి. పన్ను పీకించుకోవడానికో, గడ్డ కోయించుకోవడానికో నడిచి వచ్చినవాళ్లు బల్ల మీదే పోయేవారు. ఎందుకు పోతున్నారో ఎవరికీ సరిగ్గా అంతుపట్టలేదు. విక్టోరియా రాణికి కాన్పులో క్లోరోఫాం ఇచ్చిన లండన్ వైద్యుడు జాన్ స్నో, మందు మోతాదు మించితే గుండె మీదే దెబ్బ పడుతుందని తేల్చాడు. ఎడిన్‌బరోలో పేరున్న సర్జన్ జేమ్స్ సైమ్ శిష్యులు మాత్రం ఒప్పుకోలేదు. నాడి పట్టుకుని కూర్చోవద్దు, ఊపిరి చూడండి, నాలుక వెనక్కి పడకుండా చూసుకోండి, అంతే చాలన్నది వాళ్ల పాఠం.

లారీ ఆ సైమ్ శిష్యుడే. ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి ఈ దేశం వచ్చి, 1885లో హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్ అయ్యారు. ఇక్కడి మెడికల్ స్కూలు బాధ్యత కూడా ఆయనదే. అదే స్కూలు తర్వాత ఉస్మానియా మెడికల్ కాలేజీ అయింది. లారీ వచ్చిన ఏడాదే ఆ స్కూల్లో ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది. వాళ్లలో ఒకరి గురించి తర్వాత చెబుతాను.

లారీ స్వభావం మొండి. గురువు చెప్పింది నిజమని నిరూపించాలన్న పట్టుదల. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వ సహకారంతో 1888లో మొదటి క్లోరోఫాం కమిషన్ ఏర్పాటైంది. వీధి కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి, చనిపోయేటప్పుడు ముందు ఏది ఆగుతుందో గమనించారు. ప్రతిసారీ ఊపిరే ముందు ఆగింది, గుండె ఆ తర్వాతే ఆగింది. ఈ మాట లండన్ చేరగానే లాన్సెట్ పత్రిక నమ్మలేదు. గ్లాస్గో పరిశోధకులు 1880లోనే గుండె దెబ్బతింటుందని చెప్పి ఉన్నారు, హైదరాబాద్ కుక్కల మాట నమ్మి దాన్ని పక్కన పెడతామా అన్నది వారి ధోరణి.

ఇంకొకరైతే అక్కడితో ఊరుకునేవారేమో. లారీ నిజాం చేత 1000 పౌండ్లు ఇప్పించి, మీ మనిషినే పంపండి, మా దగ్గరే చేసి చూసుకోమనండి అని లాన్సెట్‌కు కబురు పెట్టించారు. లాన్సెట్ పంపింది మామూలు మనిషిని కాదు. గుండె నొప్పికి అమైల్ నైట్రైట్ పనిచేస్తుందని 1867లో చూపించిన లాడర్ బ్రంటన్‌ను పంపింది. గుండె మందుల్లో అంతటి దిట్ట. క్లోరోఫాంతో గుండెకు ప్రమాదమన్న నమ్మకంతోనే ఆయన ఓడ ఎక్కాడు. 1889 చివర్లో రెండో కమిషన్ పని మొదలైంది. లారీ అధ్యక్షుడు. బ్రంటన్, బాంఫర్డ్, రుస్తుంజీ హకీం సభ్యులు. ఈసారి కుక్కలతో పాటు గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కూడా. వందల కొద్దీ ప్రయోగాలు. రక్తపోటు గీతలను యంత్రంతో కాగితం మీద గీయించారు. ఇప్పటి కళ్లతో చూస్తే ఆ మూగజీవాల లెక్క మనసుకు కష్టంగానే ఉంటుంది. అయినా ఒక మందు భద్రత మీద అంత పెద్ద స్థాయిలో పరీక్షలు అప్పట్లో అరుదు.

ఫలితం లారీ వైపే వచ్చింది. బ్రంటన్ అభిప్రాయం మార్చుకుని, ఊపిరే ముందు ఆగుతోందని లండన్‌కు తంతి పంపాడు. ఆ సంగతి వైద్య ప్రపంచంలో దుమారం రేపింది. మత్తిచ్చే డాక్టరు నాడి వదిలేసి ఊపిరినే గమనించాలని, అలా చేస్తే క్లోరోఫాం క్షేమమని లారీ ఊరూరా వాదించారు. ఆఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో వేల మందికి అలాగే ఇచ్చారు కూడా.

ఇక్కడే చిక్కు ఉంది. జంతువులకు మందు ఆపకుండా ఎక్కించుకుంటూ పోతే ఊపిరి ముందు ఆగడం నిజం. హన్నా గ్రీనర్ లాంటివాళ్లు అలా పోలేదు. మత్తు ఇంకా పూర్తిగా ఎక్కకముందే, భయంతో గుండె దడదడలాడుతుండగా, ఉన్నట్టుండి పోయారు. కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు 1893లో రెండు జంతువుల రక్తప్రసరణను కలిపి, క్లోరోఫాం ఒకదాని మెదడుకు మాత్రమే చేరేలా, మరోసారి గుండెకు మాత్రమే చేరేలా చేసి చూశారు. గుండెకు చేరినప్పుడు గుండె నేరుగా నీరసించింది. లారీ అంగీకరించలేదు. మలేరియా విషయంలోనూ ఆయన అంతే. రక్తంలో లావరన్ చూపించిన పరాన్నజీవిని ఆయన నమ్మలేదు. అదే ఊరి పక్కన సికింద్రాబాద్‌లో 1897లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ జీవినే పట్టుకున్నాడు. తెలివైనవాళ్లు ఒకసారి గెలిస్తే, తర్వాత ఓడిపోవడం వాళ్లకు చాలా కష్టం. మా వృత్తిలో ఇది ఇప్పటికీ చూస్తుంటాం.

అసలు సంగతి 1911లో బయటపడింది. గుడ్‌మన్ లెవీ అనే లండన్ డాక్టర్, పిల్లులకు కొద్దిపాటి క్లోరోఫాం ఇచ్చి, దానిపై అడ్రినలిన్ ఎక్కించాడు. గుండె కింది గదులు లయ తప్పి, కొట్టుకోవడం మాని వణకడం మొదలుపెట్టాయి. వణికే గుండె రక్తాన్ని పంపలేదు. మనిషి బాగా భయపడినప్పుడు ఒంట్లో ఊరేది ఈ అడ్రినలినే. క్లోరోఫాం గుండెను దానికి లొంగిపోయేలా చేస్తుంది. అంటే నిండా మత్తు ఎక్కినప్పటి కంటే, సగం మత్తులో, భయంలో ఉన్నప్పుడే ప్రమాదం ఎక్కువ. ఎక్కువ మందు ఇస్తేనే ప్రమాదం అనుకుని భయపడుతూ కొంచెం కొంచెం ఇచ్చి ఆపుతూ వచ్చిన డాక్టర్లు, మంచి చేస్తున్నామనుకుంటూనే ఆ ప్రమాదాన్ని తెచ్చిపెట్టారు. ఈ ఒక్క విషయం చదివినప్పుడల్లా నాకు కాసేపు మరో పని తోచదు.

అయితే లారీ చెప్పింది పూర్తిగా పొరపాటా? కాదు. మా పీజీ రోజుల్లో మత్తు విభాగంలో కొన్నాళ్లు డ్యూటీ వేసినప్పుడు, అక్కడి సీనియర్ మేడం మొదటి రోజే రోగి ముక్కు దగ్గర అరచెయ్యి పెట్టించి, ఊపిరి తగులుతోందా అని అడిగారు. ఇప్పుడు వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ ఉంది, ఈసీజీ తెర ఉంది. కానీ ఆక్సిజన్ పెట్టిన రోగికి ఊపిరి ఆగినా, వేలి మీటరులో అంకె పడిపోవడానికి కొంత సమయం పడుతుంది. వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ అయితే వెంటనే చెబుతుంది. అది చేసేది లారీ చెప్పిన పనే. ఈసీజీ తెర చేసేది ఆయన కాదన్న పని. రెండూ పక్కపక్కనే ఉంటాయి. క్లోరోఫాం మాత్రం ఆపరేషన్ థియేటర్ల నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది. ఇప్పటి మత్తుమందులు దానికంటే ఎంతో సురక్షితం. అందుకే ఫిట్‌నెస్‌కు వచ్చినప్పుడు భయంగా ఉంటే దాచుకోకుండా చెప్పండి. ఆ భయాన్ని తగ్గించడానికి మందులున్నాయి. వాడుతున్న బీపీ, షుగర్, గుండె మాత్రల చీటీ తెచ్చుకోండి. ఏమీ తినొద్దు, తాగొద్దు అన్న సమయాన్ని ఒక్క గుక్క కాఫీకి కూడా తప్పొద్దు. కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది కాబట్టే ఆ నిబంధన.

లారీ 1901లో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లండ్ వెళ్లిపోయారు, 1915లో కన్నుమూశారు. ఆఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 మూసీ వరద ముంచెత్తింది. ఆ తర్వాత కట్టిందే మన ఉస్మానియా ఆసుపత్రి.

ఆయన స్కూల్లో చేరిన ఆడపిల్లల్లో ఒకరి గురించి చెబుతానన్నాను కదా. ఆమె పేరు రూపాబాయి ఫర్దూంజీ, పార్సీ కుటుంబం. 1889లో, అంటే కమిషన్ ప్రయోగాల ఏడాదే, చదువు పూర్తి చేసి, హైదరాబాద్ ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చే డాక్టరుగా స్థిరపడింది. ప్రపంచంలో మత్తు వైద్యం చేసిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. ఇరవై ఏళ్లు ఆ పని చేశాక, 1909లో ఆమె ఎడిన్‌బరో వెళ్లింది. మత్తుమందును ఇంకా బాగా అర్థం చేసుకోవాలని అక్కడ భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని, మళ్లీ హైదరాబాద్ వచ్చి చాదర్‌ఘాట్ ఆసుపత్రిలో పనిలో చేరింది.