భీమవరం బిడ్డ చేతి చలవ

పొద్దున్నే లేవగానే వేళ్లు బిగుసుకుపోతాయి. కూర తరగాలన్నా, జడ వేసుకోవాలన్నా నొప్పే. ఈ రుమటాయిడ్ కీళ్లవాతం మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. దీనికి డాక్టర్లు ముందుగా రాసే మెథోట్రెక్సేట్ మాత్ర వెనక ఓ గోదావరి జిల్లా మనిషి ఉన్నాడని మీకు తెలుసా?

ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. రాజమండ్రిలో చదివినా, మెట్రిక్ గట్టెక్కడానికి మద్రాసు వెళ్లాల్సొచ్చింది. తల్లి వెంకమ్మగారి పట్టుదలే ఆయన్ని నిలబెట్టింది. అక్కడే వైద్యం చదివారు. ఇంట్లో స్ప్రూ అనే పేగుల జబ్బు ఇద్దరు అన్నదమ్ముల్ని వెంటవెంటనే పొట్టన పెట్టుకుంది. మందులు కనిపెట్టాలన్న పట్టుదల అలా ముదిరింది. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. ఆ ఎడబాటు ఖరీదు ఆమె ఒక్కతే మోసింది.

హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పరిశోధన చేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. అన్నదమ్ముల్ని మింగిన స్ప్రూకూ అది పనికొచ్చింది. ఆ విటమిన్‌నే కాస్త మార్చి, కణాల పెరుగుదలను ఆపే మందులు చేశారు. మెథోట్రెక్సేట్ వాటిలోదే. మొదట ఈ రకం మందుల్ని పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడారు. సుబ్బారావుగారు 1948లో, 53 ఏళ్లకే కన్నుమూశారు. కీళ్లవాతానికి అమెరికా ప్రభుత్వం ఈ మందును అనుమతించింది 1988లో.

క్యాన్సర్ మందుకీ కీళ్లకీ ఏమిటి సంబంధం? మన రక్తంలోని బి కణాలు రోగక్రిముల్ని పట్టే యాంటీబాడీలు తయారుచేస్తాయి. సొంత ఒంటినే శత్రువనుకునే బి కణాలూ పుడుతూనే ఉంటాయి. చాలావాటిని ఎముక మూలుగలోనే శరీరం ఏరి పారేస్తుంది. కొన్ని తప్పించుకుంటాయి. వంశంలో ఆ గుణం ఉండి, పొగతాగడం లాంటివి తోడై, ఒంట్లోని ప్రొటీన్ల రూపు మారితే, టి కణాలు వాటికి అండగా నిలుస్తాయి. అప్పుడు సొంత కీళ్లమీద దాడిచేసే యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. ఆర్.ఎ. ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ రక్తపరీక్షలు చూసేది వీటినే. తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఈ రెచ్చిపోయిన కణాల్ని శాంతపరుస్తుంది.

ఒక్క జాగ్రత్త మరవకండి. కీళ్లకు ఈ మాత్ర వారానికి ఒక్కరోజే. రోజూ మింగితే ప్రాణానికే ముప్పు. గర్భిణులు అసలు వాడకూడదు, బిడ్డ కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకి చెప్పాలి. దుష్ఫలితాలు తగ్గడానికి తోడుగా ఇచ్చే మాత్ర ఫోలిక్ యాసిడ్. ఒకే చీటీమీద ఉన్న ఆ రెండు మందులూ సుబ్బారావుగారి ప్రయోగశాల నుంచి వచ్చినవే.